నీలం కోటు జేబు

సభకి అధ్యక్షత వహిస్తున్న డైరెక్టర్ గారికి, ఆయన పక్కనే కూర్చుని నా గురించి ఉన్నవీ లేనివీ కలిపి పావుగంట పొగిడిన పెద్ద డాక్టరు గారికి, ముప్ఫయ్యారేళ్ళు నాతోపాటు చెక్కపొట్టూ ప్లాస్టర్ దుమ్మూ పీల్చిన వర్క్‌షాపు అన్నదమ్ములకీ అక్కచెల్లెళ్ళకీ, మేం చేసిన కాళ్ళ మీద ఈ హాలు దాకా నడిచొచ్చిన పాత మిత్రులకీ, మొదటి వరసలో ఒక కన్ను నా మీదా ఒక కన్ను గోడ గడియారం మీదా వేసి కూర్చున్న మా ఆవిడకీ, అందరికీ నమస్కారం.

పెద్ద డాక్టరు గారు మాట్లాడుతుంటే ఆయన చెప్తున్నది ఎవరి గురించా అని నేను కూడా మెడ తిప్పి వెనక్కి చూశాను. (నవ్వులు) పోయినవాళ్ళ మంచితనాన్నీ రిటైరైనవాళ్ళ పనితనాన్నీ ఎవరూ కాదనరు కాబట్టి నేనూ కాదనకుండా ఊరుకున్నాను. డైరెక్టర్ గారు నా స్టూలు సంగతి ఎత్తారు. కృత్రిమ కాళ్ళు చేసే వర్క్‌షాపులో మాస్టారి స్టూలుకి ఒక కాలు లేకపోవడం, దాని చోట ఇరవయ్యేళ్ళుగా ఇటుకలుండటం దీపం కింద చీకటి కాక మరేమిటని ఆయన బాధ. ఆయన వచ్చిన కొత్తలో నాకోసం తిరిగే కుర్చీ తెప్పించారు. దాని మీద నా టిఫిన్ డబ్బా పెట్టుకున్నాను. డబ్బా సుఖంగా తిరిగింది, నేను మాత్రం ఇటుకల స్టూలు మీదే కూర్చున్నాను. ఎందుకయ్యా అని అడిగారు. దాని మీద కూర్చుంటేనే నా చేతికి పనిముట్టు కుదురుతుంది, అంతే.

ఇక ఆ గోడ మీద కట్టిన బ్యానరు. 'అలవాటవుతుందిలే మాస్టారూ!' అని అంతంత అక్షరాలతో రాయించారు. బయటినుంచి వచ్చినవాళ్ళకి అర్థం కాకపోవచ్చు, చెప్తాను. అది నా ఊతపదం. కొత్త కాలు తొడిగి మొదటి అడుగు వేయించేటప్పుడు మనిషి మొహం చిట్లించడం మామూలే, 'అలవాటవుతుంది' అనడం నాకు మామూలే. రోజుకి పదిసార్లు అనేవాణ్ణి. క్యాంటీన్ టీ బాగాలేకపోయినా నా గొంతు పెట్టి ఇదే మాట అనుకుని నవ్వుకునేవాళ్ళు మా పెయింటింగ్ సెక్షన్ వాళ్ళు. పెళ్ళయిన కొత్తలో మా ఆవిడ నా గురక గురించి వాళ్ళమ్మకి చెప్పుకుంటుంటే, తలుపవతల నుంచి నేనే 'అలవాటవుతుంది' అన్నానట. (నవ్వులు) నవ్వండి, నవ్వండి. ఇంకాసేపట్లో నవ్వడానికేమీ ఉండదు.

నేను నాలుగు పేజీల ఉపన్యాసం రాసుకొచ్చాను. మా అమ్మాయి టైపు చేసి తప్పులు దిద్దింది. అందులో కృతజ్ఞతలున్నాయి, రెండు మంచి జోకులున్నాయి. దాన్ని ఇదిగో మడిచి జేబులో పెట్టేస్తున్నాను. ఈ బల్ల మీదున్న బహుమతి గురించి మాట్లాడాలి.

వెనక వరసల వాళ్ళకి కనిపించదేమో, చూపిస్తాను. ఇది చిన్న పిల్లల కాలు. ఎడమకాలు, మోకాలి కింద నుంచి. నున్నటి చెక్క పలక మీద బిగించారు, కొత్తగా రంగు వేశారు, కింద రేకు మీద 'మాస్టారు చేసిన మొట్టమొదటి కాలు' అని చెక్కించారు. నా అల్మరా పైఅరలో, వెనకాల, గుడ్డలో చుట్టి పెట్టింది దొరికిందట. ఇన్నేళ్ళు దాచుకున్నారంటే ఇది మొదటిదే అయ్యుంటుందని మా వర్క్‌షాపు పిల్లలు అనుకున్నారు. వాళ్ళ తప్పేమీ లేదు, ప్రేమగా చేశారు, ఆ రంగు పని చూస్తే తెలుస్తుంది. ఇందాక దాని మీద గుడ్డ తీసి, మీరందరూ చప్పట్లు కొట్టాక, ముందు వరసల్లో చేతులు మార్చుకుంటూ అటునుంచి ఇటు పంపారు. మూడో వరసలో కిటికీ పక్కన కూర్చున్న మా కుట్టక్క దగ్గరికి వెళ్ళింది.

కుట్టక్క ఎవరో మా వాళ్ళకి చెప్పక్కర్లేదు. పట్టీలూ, లోపలి మెత్తలూ కుట్టేది ఆవిడే. పదిహేడేళ్ళుగా నా పక్క బల్ల. ఏ కాలు చేతికొచ్చినా ముందు లోపలికి చెయ్యి పెట్టి మెత్త తడిమి చూడటం ఆవిడకి అలవాటు. తెగిపోగా మిగిలిన కాలు దూరే ఆ భాగాన్ని మేం సాకెట్ అంటాం. ఇందాకా అలాగే చెయ్యి పెట్టింది. మీరు చప్పట్లు కొడుతున్నారు. ఆవిడ చెయ్యి బయటికి రాలేదు. నేను వేదిక మీదనుంచి చూస్తూనే ఉన్నాను. తర్వాత ఆవిడే లేచి, దీన్ని తెచ్చి ఈ బల్ల మీద పెట్టింది. పెడుతూ నాతో ఒక మాట అంది. మీరంతా శుభాకాంక్షలు చెప్పిందనుకుని ఉంటారు.

"చెప్పన్నయ్యా. ఇక్కడే చెప్పు," అంది.

(విరామం)

కాబట్టి చెప్తున్నాను. ఇది నేను చేసిన మొదటి కాలు కాదు. ఇది కుట్టక్క కూతురి కాలు.

కుట్టక్కకి ఒక కూతురుండేదనీ, ఎనిమిదేళ్ళప్పుడు జ్వరమొచ్చి పోయిందనీ మీకు తెలుసు. ఆ పిల్ల కాలు కుట్టక్క ఇంట్లో, మంచం పక్కన బల్ల మీద ఉంటుందనీ తెలుసు. మీలో చాలామంది చూశారు. దానికి మేజోడు తొడిగి, వారానికొకసారి తుడిచి పెట్టుకుంటుంది. మరి ఇదేమిటని మీకు అనుమానం రావాలి. వచ్చిందనే అనుకుంటాను, అందరూ కుట్టక్క వైపు తిరిగారు.

మీకో సంగతి చెప్పాలి. ఈ వృత్తిలోకి వచ్చినప్పుడు కాలంటే నాకు చెక్కా, తోలూ, రబ్బరూ, నాలుగు బోల్టులూ. అంతే. ఒకసారి మా సెలూన్ ఆయన... వచ్చారా? అదిగో, వెనక గోడ దగ్గర. ఆయన కొత్త కాలు తీసుకుని పాతది మాకిచ్చి వెళ్ళి, మూడోరోజు పరిగెత్తుకుంటూ వచ్చాడు. 'మాస్టారూ, పాతది కిర్రుమనేది. ఆ చప్పుడు విని వీధిలో వాళ్ళు నేనొస్తున్నానని తెలుసుకునేవాళ్ళు. ఇది చప్పుడు చెయ్యదు, నేను దొంగలా నడుస్తున్నట్టుంది' అన్నాడు. కొత్త కాలికి కిర్రు పెట్టించుకుని వెళ్ళాడు. ఇంకా ఉందా కిర్రు? (నవ్వులు) ఉందట. ఇంకోసారి ఒక డ్రైవర్ గారి భార్య, ఆయన పోయిన నాలుగోవారం, దుప్పట్లో చుట్టి ఆయన కాలు తెచ్చింది. ఇచ్చేసి వెళ్ళొచ్చు కదా, వెళ్ళలేదు. 'బాబూ, దీన్ని నిలబెట్టి ఉంచుతారా, పడుకోబెట్టి ఉంచుతారా?' అని అడిగింది. ఎలా ఉంచమంటారమ్మా అన్నాను. 'పడుకోబెట్టండి, జీవితమంతా నిలబడే ఉన్నారు' అంది. ఆవిడ వెళ్ళాక నేను దాన్ని పడుకోబెట్టాను, శనివారం వచ్చేసరికి విప్పేశాను. అది మా పద్ధతి. తిరిగొచ్చిన కాళ్ళని శనివారం విప్పి, బోల్టులూ పట్టీలూ బాగున్నవి తీసి, ఇంకొకరికి వాడతాం. తప్పేమీ కాదు, అలా వాడకపోతే సగంమందికి కాళ్ళుండవు.

వాయిదా వేస్తున్నానని నాకూ తెలుసు. మా ఆవిడ గడియారం చూడటం మానేసింది. విషయానికొస్తాను.

పంతొమ్మిదేళ్ళ కిందట ఒకే నెలలో రెండు చిన్న కాళ్ళు తిరిగొచ్చాయి. రెండూ ఎడమవే, రెండూ ఒకే కొలత. ఒకటి ఒక పిల్లాడిది. వాడు బతికే ఉన్నాడు, నిక్షేపంగా ఉన్నాడు, కాలు పొట్టిదైపోయి పెద్దది తీసుకుని చిన్నది ఇచ్చేశాడు. రెండోది ఈ పాపది. పాప పోయాక వాళ్ళమ్మమ్మ తెచ్చి ఇచ్చింది. తిరిగొచ్చిన ప్రతి కాలికీ మడమ బోల్టుకి చీటీ కడతాం. పైపైన కడగాలంటే ఆ చీటీ విప్పి మేకుకి తగిలిస్తాం, ఆరాక మళ్ళీ కడతాం. మళ్ళీ కట్టేముందు సాకెట్ లోపల పెన్సిల్‌తో రాసిన నంబరు చూడాలి. అది నియమం. మీ అందరికీ ఆ నియమం నేర్పింది నేను. చూడకపోతే చెవులు మెలిపెట్టింది కూడా నేనే. ఆరోజు నేను చూడలేదు. రోజూ చేసే పనే కదా, కళ్ళకి తెలీదా అనుకుని కట్టేశాను.

బుధవారంనాడు పాప వాళ్ళమ్మ వచ్చింది. అప్పుడావిడ బట్టల ఫ్యాక్టరీలో పనిచేసేది. అమ్మమ్మ తనకి చెప్పకుండా ఇచ్చేసిందట. నా కాళ్ళ మీద పడబోయింది. 'అన్నయ్యా, విప్పేశారా? విప్పకపోతే ఇచ్చెయ్యండి' అంది. అదే మొదటిసారి నన్ను అన్నయ్యా అనడం. విప్పలేదమ్మా అని, చీటీ చూసి, ఆ కాలు తీసి చేతిలో పెట్టాను. అంతటితో ఊరుకోవచ్చుగా. ఊరుకోలేదు. ఓదార్పు మాట ఏదో ఒకటి చెప్పాలనిపించింది. 'అమ్మా, మాకు పాదం అరుగుదల చూస్తే మనిషి నడకంతా తెలిసిపోతుంది. ఇందులో నీ బిడ్డ నడకంతా ఉంది, జాగ్రత్తగా దాచుకో' అన్నాను.

శనివారం రెండో కాలు విప్పడానికి కూర్చున్నాను. లోపలి మెత్త తీద్దామని చెయ్యి పెడితే ఏదో మందంగా తగిలింది. నీలం గుడ్డ. మడతపెట్టి, ఒక పక్కగా ఇరికించి ఉంది. కాస్త లాగి చూశాను. కోటు జేబు అది. ఫ్యాక్టరీ కోటు జేబు, దాని మీద తెల్లదారంతో కుట్టిన పనివాళ్ళ నంబరు. అప్పుడు లైటు దగ్గరికి తీసుకెళ్ళి పెన్సిల్ నంబరు చూశాను. పాప నంబరే.

అంటే బుధవారం నేనిచ్చింది ఆ పిల్లాడి కాలు.

ఇంతవరకూ పొరపాటు. పొరపాటుకి నేను భయపడే మనిషిని కాను. మర్నాడు ఆదివారం, దీన్ని సంచిలో పెట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. రెండో అంతస్తు, చివరి గది. వెళ్ళానని చెప్తున్నది నా గొప్ప కోసం కాదు. తలుపు తీసింది. మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు, చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కెళ్ళింది. బల్ల మీద ఆ కాలు. దాన్ని తిరగేసి, పాదం ముందుభాగం చూపించింది.

"చూడన్నయ్యా, నువ్వు చెప్పినట్టే చూశాను. వేళ్ళ దగ్గర ఎంతలా అరిగిపోయిందో చూడు. స్కూల్లో టీచర్లేమో మీ పాప ఆటల్లోకి రాదు, ఎప్పుడూ ఓ మూల కూర్చుంటుంది అనేవాళ్ళు. నా ఏడుపంతా అదే. నా బిడ్డ మిగతా పిల్లల్లా ఒక్కరోజైనా పరిగెత్తకుండానే పోయిందే అని. మూల కూర్చునే పిల్లయితే ఇది ఇలా ఎందుకరుగుతుంది? పరిగెత్తిందన్నయ్యా! వాళ్ళే చూడలేదు. పరిగెత్తింది కదూ?"

ఆ పిల్లాడు ఆటబండి తొక్కుతూ కాలు నేలకేసి రాసి బ్రేకు వేసేవాడు. అందుకే అది అరిగింది. నాలుగుసార్లు తిట్టాను వాణ్ణి. ఆ మాట నా నోట్లోకి వచ్చింది. ఆవిడ నా మొహం వంకే చూస్తోంది. మింగలేను, కక్కలేను.

"అవునమ్మా, పరిగెత్తింది," అన్నాను.

సంచి విప్పలేదు. అలాగే తిరిగొచ్చి, అల్మరా పైఅరలో పెట్టేశాను.

(విరామం)

ఇది విని మీలో మెత్తని మనసున్నవాళ్ళు అనుకోవచ్చు, పోనీలే, ఆ తల్లికి ఊరట దొరికింది, మాస్టారు మంచికే ఆ అబద్ధం ఆడారు అని. నేనూ అలాగే చెప్పుకున్నాను. ఎన్నేళ్ళు చెప్పుకున్నానో. వస్తువులో ఏముంది, ఆవిడ ప్రేమ పెట్టుకున్న కాలే ఆవిడ బిడ్డ కాలు, ఏ పిల్లాడిదైతేనేం అని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. ఒక వస్తువుకి విలువ మనం ఇస్తే వస్తుంది కానీ దానికదే ఉండదని క్యాంటీన్‌లో వేదాంతం కూడా మాట్లాడాను. మీరు విన్నారు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరూ అడక్కుండానే మాట్లాడేవాణ్ణి.

రెండేళ్ళకి ఫ్యాక్టరీ మూసేశారు, ఆవిడ వచ్చి మా దగ్గర కుట్టుపనికి చేరింది. ఇన్ని చోట్లుండగా ఇక్కడికే ఎందుకమ్మా అంటే, నా బిడ్డ పరిగెత్తింది ఇక్కడ చేసిన కాలితోనే కదన్నయ్యా అంది. పెద్దవాళ్ళ కాళ్ళకి ఒక పొర మెత్త కుడితే పిల్లల కాళ్ళకి రెండు పొరలు కుట్టేది. గుడ్డ ఎక్కువవుతోందని స్టోర్స్ వాళ్ళు గోల చేసినా వినేది కాదు. మధ్యాహ్నం అన్నాల వేళ తన కూతురి కబుర్లు చెప్పేది. ఒక కబురు మళ్ళీ మళ్ళీ చెప్పేది. పోవడానికి నాలుగు నెలల ముందు పాప ఆవిడ ఫ్యాక్టరీ కోటు జేబుని కత్తెరతో కత్తిరించేసిందట. సూపర్‌వైజరు అందరి ముందూ నిలబెట్టి తిట్టాడట, నంబరు లేకుండా పనిలోకి వస్తావా అని. ఇంటికెళ్ళి పిల్లని రెండు చెంపలూ వాయించిందట. 'ఎందుకు చేశావే అంటే చెప్పదు. జేబు ఏదే అంటే చెప్పదు. నన్ను కొట్టుకో అన్నట్టు అలా నిలబడింది. దానికి నా జేబంటే ప్రాణం అన్నయ్యా, రోడ్డు మీద నా జేబులో చెయ్యి పెట్టుకునే నడిచేది. మరెందుకు కత్తిరించిందో? కొట్టకుండా నెమ్మదిగా అడిగుంటే చెప్పేదేమో' అనేది. అని, దారం నోటితో తెంపి మళ్ళీ కుట్టు మొదలుపెట్టేది.

ఆ జేబు నా అల్మరాలో ఉంది. ఆవిడ కూర్చున్న చోటినుంచి పది అడుగులు. నేను తలొంచుకుని అన్నం కలుపుకునేవాణ్ణి. తేలు కుట్టిన దొంగలా.

కాళ్ళు మారిన పాపం ఒకటి. అది చెప్పేసి ఉండొచ్చు, ఆ పిల్లాడి ఆటబండి సంగతి దాచి ఉండొచ్చు, ఎలాగోలా సర్ది ఉండొచ్చు. కానీ దీన్ని ఆవిడ చేతికిస్తే ఆవిడ చదివేస్తుంది. అరుగుదల చదవడం నేర్పింది నేనే కదా. చూడండి, ఈ పాదం. పైనంతా రంగు వేశారు కానీ అడుగు అలాగే వదిలేశారు. వేళ్ళ దగ్గర అరుగుదల లేదు. మడమ దగ్గర కూడా, ఇదిగో, ఈ కాస్త. ఏడాదిపాటు వాడిన కాలు ఇది. ఈ పిల్ల పరిగెత్తలేదు. నడవడం కూడా తప్పనిసరైతేనే నడిచింది. టీచర్లు చెప్పింది నిజం.

ఎందుకు నడవలేదో లోపల చూస్తే తెలుస్తుంది. మోకాలి కింద, పక్కగా, ఒక ఎముక పొడుచుకొచ్చి ఉంటుంది. అక్కడ కాస్త ఖాళీ వదలాలి. పెద్దవాళ్ళకైతే పెన్సిల్ మందం, పిల్లలకి ఇంకా జాగ్రత్తగా. ఈ సాకెట్‌లో నేను ఆ ఖాళీ వదల్లేదు. అక్కడ మెత్త మీద మరక ఉంది, నల్లగా. ఆ మరక మీదే ఆ జేబు మడతపెట్టి ఉంది. తనకి తగిలేచోట అడ్డం పెట్టుకోవడానికి ఇంట్లో మెత్తటి గుడ్డ ఏదని వెతుక్కుంది ఎనిమిదేళ్ళ పిల్ల. వాళ్ళమ్మ జేబు దొరికింది.

చెల్లెమ్మా, అందుకే కత్తిరించింది. ఈ ఒక్క ముక్క నీకు చెప్పడానికి నాకు పంతొమ్మిదేళ్ళు సరిపోలేదు. నువ్వు అరుగుదల చూసి మురిసిపోతున్నావు కాబట్టి చెప్పలేదని నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధం. ఇది నా చేతకాని పని అని తెలిసిపోతుందని చెప్పలేదు. పెద్ద డాక్టరు గారు ఇందాక పనితనం అని పొగిడారే, దానికోసం చెప్పలేదు. ఈ ఉద్యోగం అయిపోయేదాకా మాస్టారు అనిపించుకుని, ఆ తర్వాత ఎప్పుడో దీన్ని తీసి పారేద్దామనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. కిందటి వారమే పారేసేవాణ్ణి, అల్మరా సర్దుతామని పిల్లలే తాళం తీసుకున్నారు.

(హాల్లో మూడో వరస నుంచి ఎవరో లేచిన చప్పుడు.)

ఆవిడ అడిగింది వెనకవాళ్ళకి వినపడలేదు. నేను మైకులో చెప్తాను. 'అది నొప్పని నీతో చెప్పిందా?' అని అడుగుతోంది.

(కాలు బల్ల మీద పెట్టిన చప్పుడు)

ఇంత చెప్పీ ఆ ఒక్కటి మిగుల్చుకున్నాను. అదే అడిగింది.

చెప్పింది. కాలు సరిచూడటానికి వాళ్ళమ్మమ్మ తీసుకొచ్చింది. నువ్వు షిఫ్టులో ఉన్నావు. తొడిగి నిలబెట్టాను. రెండు కమ్మీలూ పట్టుకుని మూడడుగులు వేసి ఆగింది. 'మామయ్యా, ఇక్కడ గుచ్చుకుంటోంది' అని వేలు పెట్టి చూపించింది. సరిగ్గా ఆ చోటే. బయట బెంచీ మీద ఇంకా పదిమంది ఉన్నారు. నేను విప్పి చూడలేదు. ఏమన్నానో నీకు తెలుసు. అందరికీ తెలుసు. ఆ గోడ మీద రాసే ఉంది.

తర్వాత రెండుసార్లు పట్టీలు సరిచేయించుకోవడానికి వచ్చింది. ఎలా ఉందే అంటే, బాగుంది మామయ్యా అంది. ఇంక మళ్ళీ చెప్పలేదు. మంచిపిల్ల అని మెచ్చుకుని చాక్లెట్ ఇచ్చాను.

క్షమించమని అడగను. అడిగితే ఇంతమంది ముందు నువ్వు ఏదో ఒకటి అనాల్సొస్తుంది, అంత ఇరకాటం నీకెందుకు. నా జేబులో స్క్రూడ్రైవరు ఎప్పుడూ ఉంటుంది. ఈ రేకుకి రెండే స్క్రూలు. ఒక్క నిమిషం. ఇదొకటి. ఇది రెండోది. మొట్టమొదటి కాలు అన్న మాట పోయింది. చెల్లెమ్మా, ఇది నీది. పైకి రా, తీసుకో. పలక నుంచి కూడా విప్పి ఇస్తాను.

(ఆమె వేదిక మీదికి వచ్చింది.)

డైరెక్టర్ గారూ, మీరు లేవకండి. ఫరవాలేదు. రానివ్వండి.

(విరామం)

మిత్రులారా, ఇక్కడ జరిగింది వెనకవాళ్ళకి సరిగా కనిపించి ఉండదు. కుట్టక్క జేబు ఒక్కటే తీసుకుంది. లోపల అంటుకుపోయి ఉంటే గోటితో నెమ్మదిగా ఊడదీసి, ఆ దారం నంబరు ఒకసారి చూసుకుని, దులిపి, మడిచి గుప్పిట్లో పెట్టుకుంది. కాలు తీసుకోమంటే తల అడ్డంగా ఊపింది. 'ఇంట్లో ఉన్నది నాకు అలవాటైపోయిందన్నయ్యా. ఇది నువ్వే ఉంచుకో. నీకిచ్చిందేగా' అంది. అని వెళ్ళి తన చోట కూర్చుంది.

అలాగే. తీసుకెళ్తాను. మా ఆవిడ అడుగుతుంది, ఎక్కడ పెడతారని. ఆవిడకీ ఇవాళే తెలిసింది, మొహం చూస్తే నాకు అర్థమవుతోంది. కళ్ళెదురుగా, నేను రోజూ కూర్చునే చోట పెట్టుకుంటాను. ఆ స్టూలు ఇచ్చేస్తారా అని డైరెక్టర్ గారిని అడుగుదామని నిన్నటిదాకా అనుకున్నాను. వద్దు, ఇదొక్కటి చాలు.

ఈ సభ ఏర్పాటు చేసినవారికి, నా మీద ప్రేమతో ఈ కాలికి అంత చక్కగా రంగు వేసిన పెయింటింగ్ సెక్షన్ వాళ్ళకి, ఇవన్నీ విని కూడా లేచి వెళ్ళిపోకుండా కూర్చున్న మీ అందరికీ కృతజ్ఞతలు. మీరు మనసు కష్టపెట్టుకోవద్దు కానీ, వెళ్ళేముందు ఎవరైనా ఆ బ్యానరు దించెయ్యండి. రేపు ఉదయం పిల్లలకి కొత్త కాళ్ళు తొడిగి చూడాలి, ఆరుగురు వస్తున్నారు. వాళ్ళలో ఎవరైనా గుచ్చుకుంటోందని వేలు పెట్టి చూపిస్తే, బయట బెంచీ మీద ఎంతమంది ఉన్నాసరే, కాలు విప్పి చూడండి.

సెలవు.